గేర్‌బాక్స్ రవాణా ఖర్చు: తరచుగా అడిగే ప్రశ్నలు

వాహనంలో ఇంజన్ తరువాత అంత బరువూ అంత ఖరీదూ ఉన్న భాగం గేర్‌బాక్స్. పాతది చెడిపోయి, బాగుచేసినదో, మరో వాహనం నుంచి విప్పినదో, కొత్తదో దూరం నుంచి తెప్పించుకోవలసి వచ్చినప్పుడు, వస్తువు ధర ముందే తెలిసినా కిరాయి ఎంతవుతుందన్నది చివరిదాకా తేలదు. బేరం కుదిరిన తరువాత వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం ఈ కిరాయి దగ్గరే మొదలవుతాయి కనుక, పంపేవారూ తెప్పించుకునేవారూ మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ వివరంగా జవాబులు ఇస్తున్నాము.

ఒక గేర్‌బాక్స్ పంపించడానికి ఎంత ఖర్చవుతుంది?

కొలతలు, బరువు, రెండు చివర్ల చిరునామాలు తెలియకుండా ఎవరైనా ఒక అంకె చెబితే దాన్ని నమ్మి డబ్బు కట్టవద్దు. దూరం ఎక్కువైతే ఖర్చు ఎక్కువవుతుందన్నది అందరికీ తెలిసిన సంగతే గాని, గేర్‌బాక్స్ విషయంలో దూరం కన్నా బలంగా పనిచేసే కారణాలు మరికొన్ని ఉన్నాయి. పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుంది, దాన్ని ఎత్తడానికీ దించడానికీ రెండు చివర్లా యంత్రం ఉందా లేదా, లోపల నూనె మిగిలి ఉందా, దేశం సరిహద్దు దాటుతుందా అన్నవి అలాంటివి. ఒకే గేర్‌బాక్స్‌ను ఒకే దూరానికి ఇద్దరు పంపితే, ఒకరి బిల్లు మరొకరి బిల్లుకు రెట్టింపు కావడం అరుదేమీ కాదు. ఆ తేడా చాలా సందర్భాల్లో పంపినవారు బుకింగ్‌కు ముందు తీసుకున్న శ్రద్ధలోనే ఉంటుంది.

గేర్‌బాక్స్ బరువు ఎంత ఉంటుంది?

ముందు చక్రాలతో నడిచే చిన్న కారులోని మాన్యువల్ గేర్‌బాక్స్ సుమారు 30 నుంచి 45 కిలోల మధ్య ఉంటుంది. మధ్యతరహా, పెద్ద కార్లలోని ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఇంజన్ శక్తిని నూనె ద్వారా దానికి అందించే టార్క్ కన్వర్టర్‌తో కలిపి 70 నుంచి 100 కిలోల దాకా తూగుతుంది. నాలుగు చక్రాలతో నడిచే పెద్ద వాహనాల్లో, శక్తిని ముందు వెనుక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు కూడా తగిలించి ఉంటే 100 కిలోలు తేలిగ్గా దాటుతుంది. భారీ లారీల్లో వాడే 18 గేర్ల పెట్టెలు 300 కిలోలకు పైగా ఉంటాయి.

తయారీదారు పత్రంలో రాసిన బరువు సాధారణంగా నూనె లేనప్పటి బరువు అని గుర్తుంచుకోవాలి. దానికి ప్యాలెట్ (ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తేందుకు సరుకు కింద వేసే చదునైన చట్రం) బరువూ, చెక్కపెట్టె బరువూ చేరుతాయి. ఐరోపాలో ప్రమాణంగా వాడే 1200 × 800 మిల్లీమీటర్ల చెక్క ప్యాలెట్ ఒక్కటే 25 కిలోల దాకా ఉంటుంది. అందుచేత పత్రం చూసి బరువు రాసి పంపేయడం కన్నా, కట్టడం పూర్తయిన తరువాత తూకం వేయించి ఆ అంకెనే రాయడం క్షేమం. రవాణా సంస్థలు తమ డిపోలో మళ్ళీ తూకం వేసి, తేడా వస్తే ఆ తేడాతో పాటు తూకం చార్జీ కూడా కలుపుతాయి.

75 కిలోల వస్తువుకు 144 కిలోల కిరాయి ఎందుకు అడుగుతున్నారు?

ఎక్కువ మందిని ఆశ్చర్యపరిచే ప్రశ్న ఇదే. లారీలోనైనా విమానంలోనైనా అమ్ముడుపోయేది బరువు మోసే శక్తి ఒక్కటే కాదు, చోటు కూడా. దూదిమూటలు నింపితే బరువు కన్నా ముందు చోటు అయిపోతుంది, ఇనుప కడ్డీలు వేస్తే చోటు మిగిలి ఉండగానే బరువు హద్దు దాటుతుంది. అందుకే రవాణా సంస్థలు అసలు బరువునూ, పెట్టె కొలతల నుంచి లెక్కగట్టిన బరువునూ పక్కపక్కన పెట్టి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి కిరాయి వేస్తాయి. ఈ రెండో బరువును వాల్యూమెట్రిక్ బరువు అంటారు.

లెక్క ఎలా వేస్తారో ఒక ఉదాహరణతో చూద్దాం. 75 కిలోల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను 120 × 80 సెంటీమీటర్ల ప్యాలెట్ మీద పెట్టి కట్టగా, నేల నుంచి మొత్తం ఎత్తు 75 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. మూడు కొలతలనూ గుణిస్తే 7,20,000 ఘన సెంటీమీటర్లు. ఎక్స్‌ప్రెస్ కొరియర్లలో సాధారణంగా దీన్ని 5000తో భాగిస్తారు కనుక 144 కిలోలు వస్తుంది. విమాన కార్గోలో 6000తో భాగించడం వాడుక కనుక 120 కిలోలు. రోడ్డు రవాణాలో ఒక ఘనమీటరును 333 కిలోలుగా లెక్కించే సంస్థ దగ్గర అదే ప్యాలెట్ 240 కిలోలవుతుంది. ఓడలో నలుగురి సరుకుతో కలిపి ఒకే కంటెయినర్‌లో పంపేటప్పుడు ఒక ఘనమీటరును ఒక టన్నుతో సమానంగా చూస్తారు కనుక, ఇక్కడ 0.72 ఘనమీటర్ల చోటే లెక్కకు వస్తుంది, కాని చాలామంది కనీసం ఒక ఘనమీటరుకు తక్కువ వసూలు చేయరు. ప్యాలెట్‌తో, కట్టుసామానుతో కలిపి అసలు తూకం మాత్రం 105 కిలోలే.

ఇప్పుడు అదే గేర్‌బాక్స్‌ను దాని ఆకారానికి దగ్గరగా చేయించిన 90 × 60 × 60 సెంటీమీటర్ల చెక్కపెట్టెలో పెడదాం. ఎక్స్‌ప్రెస్ లెక్క 64.8 కిలోలకు, రోడ్డు లెక్క 108 కిలోలకు దిగిపోతుంది. పెట్టెతో కలిపి అసలు తూకం 92 కిలోలు ఉంటే, అంత బరువు తీసుకునే కొరియర్ 92 కిలోలకే కిరాయి వేయాలి. 144 ఎక్కడ, 92 ఎక్కడ! లోపలి ఇనుములో ఒక గ్రాము కూడా తగ్గలేదు, తగ్గిందల్లా దాని చుట్టూ ఉన్న ఖాళీ గాలి. కిరాయి బేరమాడే ముందు కొలతల టేపు తీయమని మేము పదే పదే చెప్పడానికి కారణం ఇదే.

భాజకం అన్ని సంస్థలకూ ఒకటి కాదు. కొటేషన్ అడిగినప్పుడు ఏ అంకెతో భాగిస్తున్నారో తప్పకుండా అడిగి రాసుకోవాలి.

కొలతలు ఎక్కడి నుంచి ఎక్కడికి తీయాలి?

ప్యాలెట్ కాళ్ళ అడుగు నుంచి మూత మీది మేకు తల దాకా, ఎక్కడ ఎక్కువ పొడుచుకు వస్తే అక్కడికి. ప్యాలెట్ అంచు దాటి షాఫ్టు పది సెంటీమీటర్లు బయటికి వస్తే పొడవు ఆ పది సెంటీమీటర్లతో కలిపే లెక్క. పైభాగం చదునుగా లేకపోయినా, దాని మీద ఇంకో సరుకు పెట్టకూడదని రాసినా, కొన్ని సంస్థలు పైన మిగిలిపోయే చోటుకు కూడా కిరాయి వేస్తాయి. చదునైన గట్టి మూత వేయించడానికి అయ్యే చిన్న ఖర్చు ఇక్కడ తిరిగి వస్తుంది.

కొరియర్, లారీ, విమానం, ఓడ: వీటిలో దేనితో పంపాలి?

చాలా పెద్ద కొరియర్ సంస్థలు ఒక్కో పెట్టెకు 68 నుంచి 70 కిలోల దగ్గర గీత గీస్తాయి. ఆ గీత లోపల ఉండే చిన్న మాన్యువల్ గేర్‌బాక్స్‌కు కొరియర్ సరిపోవచ్చు గాని, కొరియర్ గిడ్డంగుల్లో పెట్టెలు కన్వేయర్ బెల్టుల మీద దొర్లుతూ, ఒక ఎత్తు నుంచి మరో ఎత్తుకు జారుతూ వెళతాయని తెలిసి పంపాలి. 40 కిలోల ఇనుము అట్టపెట్టెలో అలా దొర్లితే అట్ట నిలవదు. బరువైన పెట్టెలకు కొరియర్లు వేసే అదనపు చార్జీలు కూడా కలుపుకుంటే, 35 లేదా 40 కిలోలు దాటిన దేన్నైనా ప్యాలెట్ మీద కట్టి, పలువురి సరుకును కలిపి తీసుకువెళ్ళే లారీలో పంపడమే మంచిదని మా అభిప్రాయం. అక్కడ ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తుతారు, ఫోర్క్‌లిఫ్ట్‌తో దించుతారు, మనిషి చేయి తక్కువగా పడుతుంది.

సముద్రం దాటవలసి వస్తే విమానం, ఓడ రెండే దారులు. ఓడ కిరాయి కాగితం మీద చాలా తక్కువగా కనిపిస్తుంది. అయితే ఒకే ఒక గేర్‌బాక్స్ విషయంలో రెండు రేవుల్లోనూ సరుకు దింపుడు, కంటెయినర్ విప్పి విడదీయడం, పత్రాలు, కస్టమ్స్ ఏజెంటు రుసుము వంటి స్థిరమైన ఖర్చులు అసలు సముద్ర కిరాయిని మించిపోతాయి. ఆ ఖర్చులు ఒక పెట్టెకైనా పది పెట్టెలకైనా దాదాపు ఒకేలా ఉంటాయి కనుక, ఓడ లాభం రెండు మూడు గేర్‌బాక్స్‌లు కలిపి పంపినప్పుడే బాగా తెలుస్తుంది. ఓడ ధరలు నిలకడగా ఉండవని కూడా గమనించాలి. 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో దాడుల కారణంగా అనేక ఓడలు సూయెజ్ కాలువను వదిలి ఆఫ్రికా దక్షిణ కొన చుట్టూ తిరిగి వెళ్ళవలసి రావడంతో, ఆ దారిలో రోజులూ పెరిగాయి, కిరాయి మీద అదనపు చార్జీలూ పడ్డాయి. అందుచేత మూడు నెలల నాటి ఓడ కొటేషన్‌ను ఈరోజు ధరగా భావించకూడదు.

గేర్‌బాక్స్‌లోని నూనె తీసేయాలా? నూనెకూ ఖర్చుకూ సంబంధమేమిటి?

తప్పకుండా తీసేయాలి. సంబంధం చాలా దగ్గరిది కూడా.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ మంట అంటుకునే ఉష్ణోగ్రత సాధారణంగా 150 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉంటుంది. రవాణా నియమాల్లో మండే ద్రవంగా పరిగణించే హద్దు 60 డిగ్రీలు కనుక, ఈ నూనె మామూలుగా ప్రమాదకర సరుకుల జాబితాలోకి రాదు. అయినా కారుతున్న పెట్టెను చూసిన గిడ్డంగి పనివారికి లోపల ఉన్నది ఏ నూనో తెలియదు. వారు పెట్టెను పక్కన పెట్టేస్తారు, నేల శుభ్రం చేయిస్తారు, పక్క సరుకు తడిస్తే దాని నష్టం కూడా పంపినవారి ఖాతాలో రాస్తారు. విమాన కార్గోలో ఈ జాగ్రత్త మరీ ఎక్కువ. వాహన భాగాలన్న మాట కనిపిస్తేనే లోపల ఇంధనమో మరేదో దాగి ఉండవచ్చని అనుమానించి అడగాలని విమాన రవాణా నియమాలు సిబ్బందికి చెబుతాయి. నూనె తీసేశామన్న లిఖితపూర్వక ధ్రువీకరణ ముందే ఇస్తే చాలా ఆలస్యం తప్పుతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. అడుగున ఉన్న బోల్టు విప్పి, ధార ఆగిపోగానే ఖాళీ అయిందనుకుంటారు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో మొత్తం 7 నుంచి 12 లీటర్ల నూనె ఉంటే, అలా దిగేది తరచుగా సగం కూడా ఉండదు. మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనూ, నూనెను మళ్ళించే వాల్వ్ బాడీ దారుల్లోనూ నిలిచి ఉండి, లారీ కుదుపులకు మెల్లగా బయటికి వస్తుంది. కనుక గేర్‌బాక్స్‌ను ముందుకూ వెనక్కూ వంచి, ఒక రాత్రంతా అలాగే ఉంచి, తరువాత కూలర్ గొట్టాల రంధ్రాలకు, వెనుక షాఫ్టు ద్వారానికి, నూనె కొలిచే కడ్డీ గొట్టానికి, గాలిపోయే మార్గానికి బిరడాలు బిగించాలి. గుడ్డ కుక్కడం బిరడా వేయడం కాదు. గుడ్డ నూనెను పీల్చి బయటికి తెస్తుంది, దాని నూలుపోగులు లోపలికి పోయి సన్నని నూనె దారులకు అడ్డం పడతాయి. చివరిగా గేర్‌బాక్స్ మొత్తాన్ని మందమైన ప్లాస్టిక్ సంచిలో చుట్టి, అడుగున నూనె పీల్చే పట్టీ వేయాలి.

నూనె లేదన్న సంగతిని గేర్‌బాక్స్ మీదే పెద్ద అక్షరాలతో రాసి కట్టడం కూడా పంపేవారి బాధ్యతే. అవతల బిగించేవారు నూనె ఉందనుకుని ఇంజన్ నడిపితే నిమిషాల్లో లోపలి భాగాలు కాలిపోతాయి.

టార్క్ కన్వర్టర్‌ను విడిగా పంపాలా, లోపలే ఉంచి పంపాలా?

రెండు పద్ధతులూ ఉన్నాయి. లోపలే ఉంచితే, అది ముందుకు జారకుండా, గేర్‌బాక్స్ ముందుండే గంట ఆకారపు తొడుగైన బెల్ హౌసింగ్‌కు అడ్డంగా ఒక ఇనుప పట్టీ బిగించి తీరాలి. పట్టీ లేకుండా పంపితే ప్రయాణంలో కన్వర్టర్ ముందుకు జారి, పంపు పళ్ళలోంచి తప్పుకుని, సీలును చీలుస్తుంది. పైకి ఏ గీతా కనిపించదు, బిగించిన తరువాతే తెలుస్తుంది. ఆ పట్టీ ఖరీదు మొత్తం వ్యవహారంలో లెక్కలోకి రానంత తక్కువ.

ప్యాకింగ్ మీద ఎంత ఖర్చు పెట్టాలి? పాత టైరులో పెట్టి కట్టడం సరిపోతుందా?

గేర్‌బాక్స్ కింద పాత టైరు వేసి ప్యాలెట్‌కు కట్టడం చాలాచోట్ల చూస్తాము. గుండ్రని అడుగు దొర్లకుండా టైరు పట్టుకుంటుంది, కుదుపును కొంత మింగుతుంది, అలా దగ్గరి దూరానికి పనికొస్తుంది. కాని దేశం దాటే సరుకులో వాడిన టైరు ఉండటం కస్టమ్స్ దగ్గర కొత్త ప్రశ్నలు తెస్తుంది కనుక అక్కడ మాత్రం వద్దు.

గేర్‌బాక్స్ బరువు ఎప్పుడూ అడుగున ఉండే పలుచని ఆయిల్ పాన్ మీద పడకూడదు. ఆ రేకు సొట్టపడితే లోపలి ఫిల్టరు నలిగిపోతుంది. పోత లోహపు గట్టి భాగాల కింద చెక్క దిమ్మెలు పెట్టి, బరువంతా వాటి మీద ఆనేలా చూడాలి. ప్యాలెట్‌కు కనీసం నాలుగు దిక్కుల నుంచి పట్టీలు లాగి కట్టాలి. పట్టీలు సెన్సర్ల మీదుగా గాని, వైర్ల ప్లగ్గుల మీదుగా గాని, గేరు లివరు మీదుగా గాని పోకూడదు. అల్యూమినియం పోత భాగాల చెవులు దెబ్బకు విరిగేవే గాని వంగేవి కావు, అందుకే అవి బయటికి పొడుచుకు రాకుండా పెట్టె గోడ వాటికి దూరంగా ఉండాలి.

దేశం దాటే చెక్కకు మరో నియమం ఉంది. చెక్కలో పురుగులు ఒక దేశం నుంచి మరో దేశానికి పాకకుండా ఉండేందుకు ఐ.ఎస్.పి.ఎం. 15 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. దాని ప్రకారం సాధారణ వేడి పద్ధతిలో చెక్క నడిమి భాగం కనీసం 56 డిగ్రీల సెల్సియస్ వద్ద వరుసగా 30 నిమిషాలు ఉండాలి, ఆ సంగతి తెలిపే గోధుమ కంకి గుర్తున్న ముద్ర చెక్క మీద ఉండాలి. ముద్ర లేని చెక్కపెట్టెను అవతలి రేవులో ఆపి, శుద్ధి చేయించమనో, ధ్వంసం చేయమనో, వెనక్కి పంపమనో చెప్పవచ్చు. ప్లైవుడ్, ప్లాస్టిక్ ప్యాలెట్లకు ఈ నియమం వర్తించదు. ముద్ర ఉన్న పెట్టెకు అదనంగా ఇచ్చేది రేవులో ఆగిపోయిన సరుకుకు రోజుకింత చొప్పున కట్టే నిల్వ రుసుము ముందు చాలా చిన్నది.

ఓడలో వారాల తరబడి వెళ్ళే గేర్‌బాక్స్‌కు తేమ కూడా శత్రువే. తుప్పును ఆపే ఆవిరిని వదిలే ప్రత్యేక ప్లాస్టిక్ చుట్టి, తేమ పీల్చే పొట్లాలు వేయాలి.

కొటేషన్‌లో ఒకటి చెప్పి బిల్లులో ఎక్కువ వేశారు. ఇది మోసమా?

కొన్నిసార్లు కావచ్చు. ఎక్కువసార్లు మాత్రం అడగని ప్రశ్నలకు వచ్చిన జవాబు అది. మొదటి కొటేషన్ సాధారణంగా డిపో నుంచి డిపోకు, రెండు చివర్లా ఫోర్క్‌లిఫ్ట్ ఉందన్న ఊహతో ఇస్తారు. ఇంధన సర్‌చార్జి తరచుగా మారుతుంది. వెనుక లిఫ్టు ఉన్న లారీ కావాలంటే వేరే చార్జీ, ఇళ్ళ మధ్యకు రావాలంటే వేరే, మారుమూల పిన్‌కోడ్ అయితే వేరే, మొదటిసారి వచ్చినప్పుడు తలుపు తాళం వేసి ఉంటే రెండోసారి రావడానికి మళ్ళీ వేరే. ఎత్తుడు దింపుడు కూలి ఎవరు ఇస్తారన్నది చాలా కొటేషన్లలో రాసి ఉండదు, లారీ వాకిట్లో నిలబడ్డాక ఆ మాట వస్తుంది.

అందుచేత కొటేషన్ అడిగే ఉత్తరంలోనే కట్టిన తరువాతి కొలతలు, తూకం, రెండు చిరునామాలు, ఎక్కడ ఫోర్క్‌లిఫ్ట్ ఉంది ఎక్కడ లేదు, వాడినదా కొత్తదా, నూనె తీసేశారా అన్నవన్నీ రాసి, ఇవన్నీ కలిపిన తుది మొత్తం ఎంతో చెప్పమని అడగాలి. ఆ ఉత్తరం తరువాత బిల్లు పెరిగితే వాదించడానికి చేతిలో కాగితం ఉంటుంది.

ఇంటికే తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు గాని, 80 కిలోల వస్తువును లారీ నుంచి నేల మీదికి ఇద్దరు మనుషులు చేత్తో దించడం ప్రమాదం. దాన్ని బిగించబోయే మెకానిక్ షెడ్డుకు నేరుగా పంపిస్తే, ఇంటి డెలివరీ చార్జీ తప్పడమే గాక దించడానికి అక్కడ బరువులెత్తే చెయిన్ బ్లాక్ కూడా ఉంటుంది. ఆ వీలూ లేకపోతే డిపోకు వెళ్ళి చిన్న ట్రాలీ వాహనంలో తెచ్చుకోవడం చవక.

బీమా తీసుకోవాలా? రవాణా సంస్థ బాధ్యత వహించదా?

వహిస్తుంది, కాని వస్తువు విలువకు కాదు, దాని బరువుకు. ఈ ఒక్క సంగతి తెలియక నష్టపోయినవారు చాలామంది.

అంతర్జాతీయ రవాణా ఒప్పందాల్లో నష్టపరిహారానికి కిలో చొప్పున హద్దులు ఉన్నాయి. వాటిని అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే ఎస్.డి.ఆర్. అనే డబ్బు ప్రమాణంలో చెబుతారు. విమాన సరుకుకు మాంట్రియల్ ఒప్పందం కింద 2024 డిసెంబరు 28 నుంచి కిలోకు 26 ఎస్.డి.ఆర్. వర్తిస్తున్నది, అంతకు ముందు 22 ఉండేది. ఐరోపాలోనూ దాని పొరుగునా దేశాల మధ్య రోడ్డు రవాణాకు వర్తించే సి.ఎం.ఆర్. ఒప్పందం కింద కిలోకు 8.33. ఓడ సరుకుకు హేగ్–విస్బీ నియమాల కింద కిలోకు 2, లేదా ఒక్కో పెట్టెకు 666.67, ఏది ఎక్కువైతే అది. ఈ లెక్కన 80 కిలోల గేర్‌బాక్స్ పూర్తిగా పోయినా విమానంలో 2,080, రోడ్డు మీద 666.40, ఓడలో 666.67 ఎస్.డి.ఆర్. మించి సాధారణంగా రాదు. దేశం లోపలి రవాణాలో సంస్థ తన షరతుల్లో రాసుకున్న హద్దు ఇంతకన్నా తక్కువ కూడా ఉండవచ్చు. కొత్త ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌కూ, పాత ఇనుము ధరకు అమ్మే గేర్‌బాక్స్‌కూ బరువు ఒకటే అయితే పరిహారపు హద్దు కూడా ఒకటేనన్నమాట.

ఓడ విషయంలో బీమాకు ఇంకో కారణం ఉంది. ఓడనూ సరుకునూ కాపాడటానికి చేసిన అసాధారణమైన ఖర్చును, ఓడ యజమానీ సరుకు యజమానులందరూ తమ తమ విలువను బట్టి పంచుకోవాలన్నది సముద్ర వ్యాపారంలో చాలా పాత నియమం. 2021 మార్చిలో సూయెజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుపోయిన ఎవర్ గివెన్ ఓడ విషయంలో ఈ నియమాన్నే ప్రకటించారు. అలాంటప్పుడు తన పెట్టెకు ఏ నష్టమూ జరగకపోయినా, యజమాని వాటాకు హామీ ఇస్తేనే సరుకు చేతికి వస్తుంది. బీమా ఉంటే ఆ హామీ బీమా సంస్థ ఇస్తుంది.

బీమా విషయంలో రెండు సంగతులు చూసుకోవాలి. వాడిన వస్తువులకు పూర్తి రక్షణ ఇస్తున్నారా, లేక మొత్తం పోతేనే ఇస్తారా అన్నది మొదటిది. సరిగా కట్టకపోవడం వల్ల జరిగిన నష్టాన్ని దాదాపు అన్ని పాలసీలూ మినహాయిస్తాయి, కనుక కట్టేటప్పుడు ప్రతి దశలో ఫొటోలు తీసి ఉంచుకోవడం రెండోది.

దేశం దాటితే కిరాయి కాక ఇంకేమి కట్టాలి?

కస్టమ్స్ సుంకం, దాని మీద ఆ దేశపు పన్ను, ఏజెంటు రుసుము. ప్రపంచమంతటా వాడే హెచ్.ఎస్. వర్గీకరణలో మోటారు వాహనాల గేర్‌బాక్స్‌లూ వాటి భాగాలూ 8708.40 కింద వస్తాయి. మొదటి ఆరు అంకెలు అన్ని దేశాల్లోనూ ఒకటే, ఆ తరువాతి అంకెలూ సుంకం శాతమూ దేశాన్ని బట్టి మారతాయి. చాలా దేశాల్లో సుంకాన్ని వస్తువు ధర మీద మాత్రమే కాక, కిరాయినీ బీమానూ కలిపిన విలువ మీద లెక్కిస్తారు. అంటే కిరాయి పెరిగితే సుంకం కూడా పెరుగుతుంది. విమానమా ఓడా అని తేల్చుకునేటప్పుడు ఈ రెండో పెరుగుదలను కూడా లెక్కలో వేసుకోవాలి.

ధర మాట్లాడుకునేటప్పుడు ఏ షరతు మీద అన్నది అంతర్జాతీయ వ్యాపారంలో వాడే ఇన్‌కోటర్మ్స్ 2020 పదాల్లో రాసుకోవాలి. ఎక్స్ వర్క్స్ అంటే అమ్మినవారి వాకిలి నుంచి అన్ని ఖర్చులూ కొన్నవారివే. డి.ఎ.పి. అంటే చెప్పిన చోటికి చేర్చడం అమ్మినవారి బాధ్యత, సుంకం మాత్రం కొన్నవారిది. డి.డి.పి. అయితే సుంకం కూడా అమ్మినవారిదే. రవాణా ఉచితం అన్న మాటకు ఇందులో ఏ అర్థమూ లేదు.

కొన్ని దేశాలు వాడిన వాహన భాగాల దిగుమతిని నిషేధించాయి లేదా పరిమితం చేశాయి. డబ్బు కట్టకముందే ఈ సంగతి కస్టమ్స్ ఏజెంటును అడగాలి. ఇన్వాయిస్‌లో వాడినదాన్ని కొత్తదని గాని, ధర తగ్గించి గాని రాయమని అడిగేవారికి మా జవాబు ఒక్కటే: రాయవద్దు. పట్టుబడితే జరిమానా సంగతి అటుంచి, పెట్టె పోయినప్పుడు బీమా కూడా ఆ తగ్గించిన ధరకే వస్తుంది.

హైబ్రిడ్ వాహనాల గేర్‌బాక్స్‌కు వేరే నియమాలున్నాయా?

విమానంలో పంపితే ఉండవచ్చు. వీటి లోపల విద్యుత్ మోటార్లు, వాటిలో బలమైన శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. పెట్టె బయట 2.1 మీటర్ల దూరంలో దిక్సూచి ముల్లును 2 డిగ్రీలకు మించి తిప్పగల సరుకును విమాన నియమాలు అయస్కాంత పదార్థంగా పరిగణిస్తాయి, 4.6 మీటర్ల దూరంలో కూడా తిప్పితే ప్రత్యేక అనుమతి లేనిదే ఎక్కించరు. గేర్‌బాక్స్ ఉక్కు, అల్యూమినియం గోడల లోపల ఉన్న మోటారు చాలాసార్లు ఈ హద్దు దాటదు గాని, దాటదని చూపే పరీక్ష పత్రం అడగవచ్చు, దానికి రుసుము ఉంటుంది.

పాత గేర్‌బాక్స్‌ను తిరిగి పంపాలంటున్నారు. ఆ కిరాయి ఎవరిది?

బాగుచేసిన గేర్‌బాక్స్ అమ్మేవారు పాతది తిరిగి వస్తుందన్న నమ్మకంతో ధర తగ్గించి, దానికి హామీగా కోర్ డిపాజిట్ తీసుకుంటారు. తిరుగు కిరాయి ధరలో కలిసి ఉందో లేదో మొదటే అడగాలి, ఎందుకంటే కొన్నిసార్లు తిరుగు కిరాయి డిపాజిట్‌ను మించుతుంది. కొత్తది వచ్చిన పెట్టెనూ, బిరడాలనూ, పట్టీలనూ పారేయకుండా పాతదాన్ని అందులోనే కట్టి పంపితే ప్యాకింగ్ ఖర్చు మిగులుతుంది. పాతదే కదా అని నూనె తీయకుండా పంపేవారు చాలామంది. గిడ్డంగికి అది పాతదా కొత్తదా అన్న తేడా లేదు, నూనె కారితే చార్జీ ఒకటే. పోత భాగం పగిలి చేరితే డిపాజిట్‌లో కోత కూడా పడుతుంది.

గేర్‌బాక్స్ మొత్తం తెప్పించకుండా ఖర్చు తగ్గించుకోవచ్చా?

లోపం ఎక్కడుందో కచ్చితంగా తేలితే తగ్గించుకోవచ్చు. వాల్వ్ బాడీ, విద్యుత్‌తో పనిచేసే కవాటాలైన సోలెనాయిడ్లు, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌లలో గేర్ల మార్పును నియంత్రించే మెకట్రానిక్ యూనిట్ వంటివి విడిగా దొరుకుతాయి, కొరియర్‌లో సులువుగా వెళతాయి. కాని తేలకుండా ఊహ మీద భాగం తెప్పించి, అది కాదని తేలి చివరికి గేర్‌బాక్సే తెప్పించుకుంటే రెండు కిరాయిలవుతాయి.

పెట్టె దెబ్బతిని వచ్చింది. ఏమి చేయాలి?

డ్రైవర్ ఇంకా అక్కడ ఉండగానే నాలుగు వైపులా, అడుగునా ఫొటోలు తీసి, డెలివరీ పత్రం మీద కనిపించిన నష్టాన్ని స్పష్టంగా రాసి సంతకం చేయాలి. పెట్టె ఎడమ మూల పగిలింది, అడుగున నూనె తడి ఉంది అన్నట్టుగా రాయాలి. పరిశీలనకు లోబడి తీసుకున్నాము అన్న సాధారణ వాక్యానికి క్లెయిము దగ్గర పెద్దగా విలువ ఉండదు. మూత విప్పి బెల్ హౌసింగ్ అంచు, బిగింపు చెవులు, వైర్ల ప్లగ్గులు, పాన్ చూడాలి. షాఫ్టును చేత్తో తిప్పి చూడాలి.

పైకి కనిపించని నష్టానికి గడువులు చాలా తక్కువ. విమాన సరుకుకు మాంట్రియల్ ఒప్పందం కింద చేతికి వచ్చిన 14 రోజుల లోపల, సి.ఎం.ఆర్. రోడ్డు రవాణాకు ఆదివారాలూ సెలవులూ మినహా 7 రోజుల లోపల, హేగ్–విస్బీ నియమాల కింద ఓడ సరుకుకు 3 రోజుల లోపల లిఖితపూర్వకంగా తెలియజేయాలి. బిగించే రోజు వచ్చేదాకా పెట్టెను విప్పకుండా మూలన ఉంచితే ఈ గడువులన్నీ దాటిపోతాయి. కనుక మెకానిక్‌కు ఖాళీ లేకపోయినా, వచ్చిన రోజే పెట్టె విప్పించి చూసుకోవాలి. క్లెయిము తేలేవరకు చెక్కపెట్టెనూ, పట్టీలనూ, అడుగున వేసిన నూనె పట్టీని కూడా పారేయకూడదు, సర్వేయరు వచ్చినప్పుడు మొదట అడిగేవి అవే.